తుడిస్తే పోయేది దుమ్మేనా?

మీకో పొడుపు ప్రశ్న. హీరో గొడుగు పట్టడు, హీరోయిన్ చీర తడవదు. అయినా టైటిల్సు దగ్గర నుంచి శుభం కార్డు దాకా ఒకటే వాన! ఏమిటా సినిమా?

జవాబు: మా ఎల్లారెడ్డికి వచ్చిన ప్రతి సినిమా!

నవ్వకండి. ఇది నా చిన్నప్పటి సంగతి. హైదరాబాదులో తళతళలాడిన ప్రింటు నిజామాబాదులో ఆడి, కామారెడ్డిలో ఆడి, మధ్యలో ఇంకెన్ని ఊళ్లు తిరిగో మా అమ్మమ్మ ఊరికి వచ్చేసరికి ఒళ్లంతా గీతలే. కోర్టు సీనులో వాన, పెళ్లిపందిట్లో వాన, మిట్టమధ్యాహ్నం హీరో నాగలి దున్నుతుంటే కూడా వాన! నేల టికెట్టులో కూచున్న నాకు అది ప్రింటు జబ్బని తెలియదు. సినిమా వాళ్లకు వానంటే అంత ఇష్టం కాబోలు అనుకునేవాణ్ణి.

అసలు సంగతి చెప్పినవాడు మా మేనమామ. ఆయన అక్కడి సినిమా హాల్లో ఆపరేటరు. వేసవి సెలవుల్లో ఓ రోజు నన్ను కేబిన్లోకి తీసుకుపోయి, రీలు చుట్టుకుంటూ చెప్పాడు.

"వాన గాదు రా అల్లుడా, దుమ్ము! గేటు కాడ ఇంత ఇసుక రవ్వ కూసుంటది. రీలు ఉరుకుతుంటె అది గీసుకుంట పోతది. గీత పడ్డదంటె ఇగ ఆ బొమ్మ బతికినన్ని దినాలు ఉంటది."

లెక్క చూడండి. సెకనుకు 24 బొమ్మలు. అంటే నిమిషానికి 90 అడుగుల ఫిల్ము ఆ గేటులోంచి పరుగెత్తుతుంది. అక్కడ ఒక్క రవ్వ ఇరుక్కుంటే నిమిషంలో 90 అడుగుల పొడవు గీత! అందుకే మా మామ రీలు మారిన ప్రతిసారీ మెత్తటి బ్రష్షుతో గేటు శుభ్రం చేసేవాడు. ఫిల్ము తుడవడానికి ఓ ముఖమల్ గుడ్డ ఉండేది. దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించేవాడు. ఎవరైనా ముట్టుకుంటే పెద్ద గొడవే.

"ఇది ఒక్కపారి కిందపడ్డదంటె ఇగ గుడ్డ గాదు రా, గరుకు కాయితం!" అనేవాడు.

ఆ మాట నాకు అర్థం కావడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. అదే ఈ వారం కబురు. తార లేదు, దర్శకుడు లేడు. ఈ వారం మన హీరో ఓ గుడ్డ ముక్క. పేజీ తిప్పేయకండి, ఫైటింగూ ఉంది, ఏడుపూ ఉంది!

అమ్మ కళ్లద్దాలు

మా అమ్మకు పాత సినిమాలంటే ప్రాణం. టీవీలో 'మాయాబజార్' వస్తోందంటే అన్నం పళ్లెం కూడా టీవీ ముందుకే. మార్కస్ బార్ట్లే కెమెరాలో ఆ వెన్నెల పడవ పాట వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. అలాంటి మనిషి 2024 ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం, సినిమా సగంలో ఉండగా టీవీ ఆపేసింది.

"ఏమైందమ్మా?"

"బొమ్మ మసకమసక ఉన్నది బిడ్డా. కన్ను మల్ల పోయినట్టున్నది."

నాకు గుండె జారింది. అంతకు ముందే ఆమెకు శుక్లాల ఆపరేషన్ అయింది. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, మసక మొదలై నెల దాటింది. నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. నాది నెల జీతం ఉద్యోగం కాదు. రాస్తే డబ్బులు, లేకపోతే కబుర్లు. బీయే పట్టా గోడకు వేలాడుతోంది గాని బీరువాలో రూపాయి వేలాడదు. కొడుకు జేబు బరువు తల్లికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

మర్నాడే కామారెడ్డిలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కన్ను చూశాడు, లైటు వేసి చూశాడు, అక్షరాలు చదివించాడు. తర్వాత అమ్మ ముక్కు మీది అద్దాలు తీసి ట్యూబులైటు వైపు పట్టి చూశాడు. చిన్నగా నవ్వాడు.

"ఈ అద్దాలు దేంతోటి తుడుస్తరమ్మా?"

"కొంగుతోటి."

అంతే! కన్ను బాగానే ఉంది. అద్దం మీద సన్నసన్న గీతలు... వందలు. సినిమా భాషలో చెప్పాలంటే ప్రింటు బాగుంది, ప్రొజెక్టరు బాగుంది. మధ్యలో అద్దం పాడైంది. మా అమ్మ నెల రోజులుగా చూస్తున్నది మా ఎల్లారెడ్డి వానన్నమాట!

ఇప్పటి కళ్లద్దాలు చాలామటుకు ప్లాస్టిక్ రకం. గాజుకన్నా తేలిక, గాజుకన్నా మెత్తన. ఇక ఇసుక రవ్వ గాజును కూడా గీస్తుంది. కొంగు మెత్తగానే ఉంటుంది పాపం. కాని పొద్దున్నుంచి ఇల్లూ వాకిలీ తిరిగి దుమ్మంతా మోసుకొచ్చిన కొంగుతో పొడి అద్దాన్ని రుద్దితే గీసేది కొంగు కాదు, కొంగులో దాక్కున్న రవ్వ. మా మామ చెప్పిన గరుకు కాయితం ఇదే!

కొత్త అద్దాలతో పాటు దుకాణం వాళ్లు అరచేయంత గుడ్డ ముక్క ఉచితంగా ఇచ్చారు. మైక్రోఫైబర్ గుడ్డ. ఇంటికొచ్చాక అమ్మ ఏం చేసిందో ఊహించండి చూద్దాం. దాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో పట్టుచీరల కింద దాచింది. "ఇంత మెత్తగున్నది. దీంతోటి తుడుస్తె ఇది ఖరాబైతది గద!" అంది. అద్దాలు? మళ్లీ కొంగే!

హీరో పరిచయం

ఇంతకీ ఈ గుడ్డలో ఏముంది? బస్టాండు దగ్గర, పెట్రోలు బంకు దగ్గర, కార్ల సామాను దుకాణంలో పసుపు, నీలం, గులాబి రంగుల్లో కట్టలు కట్టి అమ్ముతారే, అదే ఇది. కార్లు తుడిచే గుడ్డ అంటారు జనం. కాని దీని వంశం పెద్దది.

1970లో జపాన్‌లోని టోరే కంపెనీలో మియోషి ఒకమోటో అనే శాస్త్రవేత్త వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నటి పోగు తయారు చేశాడు. దాంతో అచ్చం మెత్తటి తోలులా ఉండే బట్ట వచ్చింది. అమెరికాలో దాని పేరు అల్ట్రాస్వేడ్. 1972లో హాల్‌స్టన్ అనే ఫ్యాషన్ డిజైనరు దాంతో గౌను కుడితే అక్కడి ఆడవాళ్లు ఎగబడి కొన్నారు. చూశారా, మన హీరో మొదట వేసింది గ్లామరు వేషమే. ఇల్లు తుడిచే పాత్ర తర్వాత వచ్చింది. ఇండస్ట్రీలో ఇలాంటివి మామూలే కదా!

పోగు సన్నదనానికి డెనియర్ అని ఓ కొలత ఉంది. 9000 మీటర్ల పొడవు పోగు తూకం వేస్తే ఒక గ్రాము తూగితే అది ఒక డెనియర్. పట్టుపురుగు తీసే పోగు ఒక డెనియరుకు అటూ ఇటూ. మైక్రోఫైబర్ అంటే ఆ ఒక్క డెనియరు కన్నా సన్నది. ఏమిటా పదార్థం? పాలియెస్టరు, కాస్త నైలాను. మన నాన్నలు పెళ్లికి కుట్టించుకున్న టెర్రీకాటు ప్యాంటులో ఉన్నది కూడా ఆ పాలియెస్టరే! తేడా ఏమిటంటే, మంచి రకం గుడ్డలో ఒక్కో పోగును బత్తాయి తొనల్లా నిలువునా చీలుస్తారు. అప్పుడు ప్రతి తొనకూ అంచులు, తొనకూ తొనకూ మధ్య సందులు. అంచులు మురికిని గోకి లేపుతాయి, సందులు దాన్ని లోపలికి లాక్కుంటాయి. నీళ్లు, జిడ్డు కూడా ఆ సందుల్లోకే. పొడిగా వాడితే రుద్దుడుకు పుట్టే కరెంటు వల్ల దుమ్ము దానంతటదే వచ్చి అంటుకుంటుంది.

పాత నూలు గుడ్డ దుమ్మును ఇక్కడ నుంచి అక్కడికి తోస్తుంది. ఇది దుమ్మును ఎత్తుకుపోతుంది. కిటుకంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

కొనేటప్పుడు మోసపోకండి. పోగు చీల్చని రకం కూడా ఇదే పేరుతో అమ్ముతారు. బల్ల మీద నాలుగు చుక్కల నీళ్లు పోసి గుడ్డను పైన వేయండి. పీల్చేస్తే అసలు, నీళ్లను ముందుకు తోసుకుంటూ పోతే నకిలీ. ఇంకో పరీక్ష: ఎండిన అరచేతికి కాస్త పట్టుకున్నట్టు అనిపించాలి. జారిపోతే వదిలేయండి.

ఇంటింటా డబుల్ రోల్

ఇప్పుడు ఇంట్లో దీని వేషాలు చూద్దాం. ముందు ఒక మడత నేర్చుకోండి. గుడ్డను సగానికి, మళ్లీ సగానికి మడవండి. అటూ ఇటూ తిప్పితే 8 ముఖాలు వస్తాయి. ఒక ముఖం మురికైతే ఇంకోటి తిప్పండి. ఎనిమిదీ అయ్యాక ఉతకండి. మురికైన ముఖంతో మళ్లీ తుడిస్తే మనమే దుమ్ము పంచిపెట్టినట్టు.

కళ్లద్దాలు: ముందు కుళాయి కింద నీళ్లతో కడగాలి. రవ్వలు నీళ్లతో పోతాయి. కావాలంటే వేలి మీద చుక్క సబ్బు. ఆ తర్వాతే గుడ్డ. ఇది ఒక్కటి గుర్తుంటే ఈ వారం పత్రిక ఖరీదు తిరిగొచ్చినట్టే.

టీవీ, సెల్‌ఫోను: ముందు ఆపేయండి. నల్లటి తెర మీద దుమ్ము బాగా కనిపిస్తుంది. పొడి గుడ్డతో, నొక్కకుండా తుడవండి. వేలిముద్రలు పోకపోతే గుడ్డ కొసను నీళ్లతో కాస్త తడి చేయండి. నీళ్లు గుడ్డ మీదే, తెర మీద ఎప్పుడూ చల్లకూడదు, కిందికి జారి లోపలికి పోతాయి. గాజు కిటికీలు తుడిచే ఘాటు మందులు తెర మీది పూతను తినేస్తాయి. మీ అభిమాన హీరో ముఖం మీద మచ్చలు పడితే మేకప్‌మ్యాన్‌ను తిట్టకండి!

డ్రెస్సింగ్ టేబుల్ అద్దం, కిటికీ అద్దాలు: రెండు గుడ్డలు కావాలి. ఒకటి తడిపి గట్టిగా పిండింది, రెండోది పొడిది. తడిదాని వెనకే పొడిది. మందూ అక్కర్లేదు, పాత పేపరూ అక్కర్లేదు.

ఫ్యాను రెక్కలు: స్విచ్చి ఆపి, రెక్క పూర్తిగా నిలిచాక, తడి గుడ్డను రెక్క చుట్టూ పట్టి ఒక్క లాగు లాగండి. దుమ్ము గుడ్డలో ఉంటుంది, మీ తల మీద రాలదు.

కుళాయిలు, స్టీలు సింకు: బోరు నీళ్ల తెల్లమరకలు ఎందుకు పడతాయి? నీళ్లు ఆరిపోయాక అందులోని సున్నం మిగిలిపోయి. వాడిన వెంటనే పొడి గుడ్డతో ఒకసారి తుడిస్తే మరకే పుట్టదు. పాత మరకకు మాత్రం నిమ్మచెక్క కావాలి, గుడ్డ మాయ పనిచేయదు.

గ్యాసు పొయ్యి: చల్లారాక, తడి గుడ్డ మీద చుక్క గిన్నెల సబ్బు. తాలింపు జిడ్డు లాగేస్తుంది. ఆ గుడ్డ మాత్రం పొయ్యికే. కళ్లద్దాల దగ్గరికి రానివ్వకూడదు. అందుకే రంగులు పంచుకోండి. మా ఇంట్లో నీలం అద్దాలకు, పసుపు వంటింటికి, గులాబి స్నానాలగదికి. మల్టీస్టారరు సినిమాలా ఎవరి పాత్ర వారిదే!

బండి: కుర్రాళ్లూ, ఇది మీ కోసం. తాడ్వాయి మీదుగా కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లొచ్చిన బండిని పొడి గుడ్డతో తుడవకండి. ట్యాంకు మీద సాలెగూడులా గీతలు పడతాయి. ముందు నీళ్లు కొట్టండి, మట్టి పోనివ్వండి, తర్వాత గుడ్డ.

తలస్నానం: అమ్మాయిలూ, మైక్రోఫైబర్ తువ్వాల తలకు చుట్టుకుంటే నీళ్లు త్వరగా పీలుస్తుంది. రుద్దకండి, చుట్టి వదిలేయండి. రుద్దితే తడి వెంట్రుక తెగుతుంది.

విలన్లు ముగ్గురు

ఎంత గొప్ప హీరోకైనా బలహీనత ఉంటుంది.

మొదటి విలన్ నిప్పు. ఇది నూలు కాదు, ప్లాస్టిక్ పోగు. 250 డిగ్రీలు దాటితే పాలియెస్టరు కరిగిపోతుంది. చేతికి అందింది కదా అని పొయ్యి మీది గంజు దించడానికి దీన్ని పట్టారో, మంట సోకితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. నూలు గుడ్డ కాలితే బూడిద, ఇది కాలితే మైనం. మసిగుడ్డగా పాత నూలుచీర ముక్కకే పదవి. ఇస్త్రీపెట్టె కూడా దీనికి పడదు.

రెండో విలన్ వాసన మందు. ఉతికాక బట్టలు మెత్తబడాలని వేసే సువాసన మందు పోగుల సందులను పూతలా మూసేస్తుంది. తర్వాత గుడ్డ మెత్తగానే ఉంటుంది, పనే చేయదు. బ్లీచింగు కూడా వద్దు. మామూలు సబ్బు చాలు. నూలు తువ్వాళ్లతో కలిపి ఉతకకండి, వాటి నూగంతా దీనికే అంటుకుంటుంది. నీడన ఆరేయండి.

మూడో విలన్ మనమే. చౌకగా వస్తున్నాయని డజన్లు కొని, నెల తిరగకుండా పారేస్తాం. ఇది మట్టిలో కలిసిపోయే సరుకు కాదు. ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని ప్లాస్టిక్ నూగు నీళ్లలో పోతుంది. కాబట్టి నాలుగు మంచివి కొనండి, ఏళ్ల తరబడి వాడండి, అవసరమైనప్పుడే ఉతకండి. నేల తుడవడానికి, నూనె ఒలికితే అద్దడానికి పాత నూలు పంచె ఉండనే ఉంది. దానికీ వేషం ఇవ్వండి పాపం.

క్లైమాక్స్

ఇంత పాండిత్యం ఉన్న నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెబుతాను. చెప్పకుండా దాచుకుందామనుకున్నాను. కాని మీ దగ్గర దాపరికమేమిటి?

2025 ఆగస్టు 27. వినాయక చవితి. ఆ రోజు కామారెడ్డిలో పడిన వాన సినిమా వాన కాదు. పొద్దుటికే వాగులు రోడ్లయ్యాయి, రోడ్లు వాగులయ్యాయి. హైవే మీద నీళ్లు, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు బందు. మా ఇంట్లో వెనక అర్రలోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. పండక్కి తెచ్చిన చిన్న వినాయకుణ్ణి అమ్మ మంచం మీదికి ఎక్కించి, తనూ ఆ పక్కనే కూచుంది. మా కన్నా ఎంతో నష్టపోయిన వాళ్లున్నారు. మాకు ఇల్లు మిగిలింది.

నీళ్లు తీశాక అసలు పని. అంతటా సన్నటి ఒండ్రు. గోడకు, బీరువాకు, కుర్చీ కాళ్లకు. నా నాలుగు రంగుల గుడ్డలు తీశాను. బకెట్టు నీళ్లు పోయడం, ఒండ్రు జారనివ్వడం, తర్వాత తుడవడం. బ్రహ్మాండంగా పనిచేశాయి. టీవీ గోడ మీద ఉంది కాబట్టి బతికింది. తడిసిన మిక్సీకి, స్విచ్చి బోర్డుకు మాత్రం కరెంటు మేస్త్రీ వచ్చి చూసేదాకా చేయి పెట్టలేదు. అంతవరకు హీరోనే!

అప్పుడు మంచం కింది ట్రంకు పెట్టె తెరిచాను. అడుగున అమ్మా నాన్నల పెళ్లి ఫోటో. 1984లో కామారెడ్డి స్టూడియోలో తీసిన నలుపు తెలుపు ఫోటో. నాన్న పోయి చాలా ఏళ్లయింది. పెళ్లినాటిది ఆ ఒక్కటే ఉంది. ఫ్రేములో నీళ్లు దూరాయి. మీద ఒండ్రు మెత్తినట్టుంది. అమ్మ చూడకముందే శుభ్రం చేసేద్దామని ఆత్రం. గబగబా గాజు తీసేసి, నీలం గుడ్డ, అదే కొత్తది, మెత్తటిది, తీసుకుని కింది మూల నుంచి ఒక్కసారి తుడిచాను.

గుడ్డ నల్లబడింది. మట్టి వచ్చిందనుకున్నాను. ఫోటో వంక చూద్దును కదా... నాన్న ఎడమ భుజం లేదు. అక్కడ తెల్ల కాగితం!

నోట మాట రాలేదు. ఎల్లారెడ్డి రోడ్డు బందు. ఫోన్ చేస్తే అదృష్టవశాత్తు మామ దొరికాడు. వీడియోలో ఫోటో చూపించాను. ఆయన మొదటి మాట:

"చెయ్యి తియ్యి రా! ఆ గుడ్డ అవతల పారెయ్!"

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "రీలైనా, ఫోటోవైనా బొమ్మ ఉండేది కాయితం మీద గాదు రా, మీదున్న జిగురు పొరల. అది తడిసిందంటె మీగడ లెక్క ఉబ్బుతది. మీగడను గుడ్డతోటి తుడుస్తె ఏమైతది? గుడ్డకే వస్తది. నీది మంచి గుడ్డ, అన్నిటినీ పడుతదంటివి గదా... పట్టింది మరి!"

ఆయన చెప్పినట్టే చేశాను. వెడల్పాటి పళ్లెంలో చల్లటి మంచినీళ్లు. ఫోటోను అందులో పడుకోబెట్టి, బొమ్మను వేలితో కూడా తాకకుండా పళ్లాన్ని అటూ ఇటూ ఊపితే ఒండ్రు దానంతటదే విడిపోయింది. నీళ్లు మూడుసార్లు మార్చాను. ఆ తర్వాత తాడు కట్టి, కొసన క్లిప్పు పెట్టి, ఎండ తగలకుండా నీడన వేలాడదీశాను. ఆల్బంలోని మిగతావి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. అవి ఆరిపోతే ఇక విడదీయలేమని మామ హెచ్చరించాడు. వాటినీ నీళ్లలో నానబెట్టి, వాటంతటవి విడిపోయాక ఒక్కొక్కటీ తీసి ఆరేశాను. చాలామటుకు బతికాయి. ఫ్రేము కట్టిన ఫోటోను కూడా తడి ఉండగానే గాజు నుంచి వేరు చేయాలట, లేకపోతే బొమ్మ గాజుకే అతుక్కుపోతుంది. నేను ఆ ఒక్క పని మాత్రం తెలియకుండానే సరిగ్గా చేశాను.

'మాయాబజార్' 1957 నాటి సినిమా. 2010 జనవరిలో దాన్ని బాగుచేసి, రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. మూడు గంటల సినిమా అంటే సెకనుకు 24 లెక్కన రెండున్నర లక్షలకు పైగా బొమ్మలు! కంప్యూటరు ముందు కూచుని పాత బొమ్మకు ప్రాణం పోయగలిగారంటే, బాగుచేయడానికి ఆ బొమ్మ ఎక్కడో మిగిలి ఉండబట్టే. తుడిచేసిన చోట ఏ కంప్యూటరైనా ఊహించి గీయాల్సిందే. మా నాన్న భుజం ఎవరో ఊహించి గీస్తే అది నాన్న భుజం ఎలా అవుతుంది?

మూడో రోజుకు ఫోటో ఆరింది. అమ్మకు చూపించక తప్పలేదు. ఆమె కొత్త అద్దాలు పెట్టుకుని, ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను.

"మొఖం ఉన్నది గద బిడ్డా," అంది చివరికి. ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

రోడ్డు బాగయ్యాక మామ ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చాడు. వస్తూ ఓ పాత డబ్బా తెచ్చాడు. అందులో ఆ ముఖమల్ గుడ్డ! ఆయన పనిచేసిన హాల్లో రీళ్లు ఎప్పుడో పోయి డిజిటల్ వచ్చింది. ఇప్పుడు గీతలు పడే ఫిల్మే లేదు. ఉన్నదల్లా కేబిన్ కిటికీకి ఓ గాజు పలక. దాని మీద దుమ్ము పడితే తెర మొత్తం మసకబారుతుందట. "ఎవ్వడూ తుడువడు రా, మిషన్ పాడైందంటరు," అని నవ్వాడు. ఫోటో చూసి, "కొత్త గాజు ఏసేటప్పుడు బొమ్మకు ఆనకుంట నడుమ అట్ట చట్రం పెట్టిపియ్యి. ఇగ గాజునే తుడువు, ఫోటోను ముట్టుకోకు," అన్నాడు. అలాగే కట్టించాను. పక్కకు పోయి దాన్ని సెల్‌ఫోనులో నాలుగు కాపీలు తీసి చెల్లెలికీ, మామ కొడుక్కీ పంపాను. ఇది వరదకు ముందే చేయాల్సిన పని.

ఇప్పుడు మా ఇంట్లో ఓ మార్పు వచ్చింది. పట్టుచీరల కింద దాచిన గుడ్డ బయటికి వచ్చింది. పొద్దున్నే అమ్మ అద్దాలు కుళాయి కింద కడిగి, ఆ గుడ్డతో ఒత్తుకుని పెట్టుకుంటుంది. తర్వాత గోడ దగ్గరికెళ్లి ఇంకో గుడ్డతో నాన్న ఫోటో గాజు తుడుస్తుంది. ఎడమ భుజం దగ్గర చేయి ఒక్క క్షణం ఆగుతుంది. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తాను. నటన నాకు రాదని ఆమెకు తెలుసు.

పాఠకులారా, ఈ ఆదివారం మ్యాట్నీకి వెళ్లే ముందు ఓ గంట ఇంట్లో కేటాయించండి. అమ్మ కళ్లద్దాలు ఒకసారి ట్యూబులైటు వైపు పట్టి చూడండి. మంచం కింద పెట్టె ఉంటే అందులోని ఆల్బం తీసి, నీళ్లు అందనంత ఎత్తులో పెట్టండి. పెట్టేముందు సెల్‌ఫోనుతో ప్రతి బొమ్మకూ ఓ కాపీ తీయండి. గుడ్డ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

వచ్చే వారం మళ్లీ సినిమా కబుర్లే. ఒట్టు!